లాకులు వెడల్పు చేస్తే శివారుకి నీళ్ళొస్తాయా?

పోయిన వేసవి సెలవుల్లో మా బావా నేనూ కలిసి మామయ్య కారుని పాడుచేశాం. కావాలని కాదు, బాగుచేద్దామనే మొదలుపెట్టాం. మేం చేసిన పని పేరు "థ్రాటిల్ బాడీ పోర్టింగ్". ఇంజన్‌లోకి గాలి వెళ్ళే దారిని అరగదీసి, నునుపుచేసి, వెడల్పు చేయడం అన్నమాట. వీడియోల్లో చూస్తే అరగంట పని. పికప్ పెరుగుతుంది, మైలేజ్ పెరుగుతుంది, సౌండ్ మారుతుంది అంటారు. ఇందులో ఏది నిజం, ఏది కాదు, మేం ఎక్కడ తప్పు చేశాం అనేది ఈ వ్యాసం. మన క్లబ్ పత్రికలో కథలూ కవితలూ మధ్యలో కారు ముక్క గురించి ఏంట్రా అనుకోకండి. మెకానికల్ వాళ్ళు తప్పులుంటే చెప్పండి, మిగతావాళ్ళు మాత్రం భయపడకుండా చదవచ్చు. లెక్కలు ఇంటర్ ఫిజిక్స్ దాటవు.

అసలు గొడవ ఎక్కడ మొదలైంది

మామయ్యకి కడియంలో నర్సరీ ఉంది. కారు పాతది, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. 1.3 లీటర్ పెట్రోల్ ఇంజన్, కేబుల్‌తో నడిచే థ్రాటిల్. అమ్మమ్మని నెలకోసారి కాకినాడ హాస్పిటల్‌కి తీసుకెళ్ళేది కూడా ఆ కారులోనే. బావ ఫ్రెండ్స్‌తో మారేడుమిల్లి వెళ్ళొచ్చినప్పుడు ఘాట్ రోడ్డు మీద బండి అస్సలు లాగలేదట. సెకండ్ గేర్‌లో కూడా మూలిగిందట. మా డెల్టాలో రోడ్లన్నీ బల్లపరుపు కాబట్టి ఇంజన్‌లో బలం తగ్గినా రోజూ తెలీదు, ఘాట్ ఎక్కినప్పుడే బయటపడుతుంది.

"గాలి చాలట్లేదురా దీనికి. థ్రాటిల్ బాడీ పోర్టింగ్ చేసేద్దాం" అన్నాడు బావ.

నేను "సరే బావా" అన్నాను. ఎందుకు సరే అన్నానో ఇప్పటికీ తెలీదు. కాలేజీలో ప్రోగ్రామ్ స్లోగా ఉంటే ముందు ప్రొఫైల్ చెయ్యి, ఏ లైన్ దగ్గర టైమ్ పోతోందో చూడు, ఆ తర్వాతే కోడ్ ముట్టుకో అని సార్ పదిసార్లు చెప్పారు. కారు దగ్గరికొచ్చేసరికి అది గుర్తే రాలేదు.

థ్రాటిల్ బాడీ అంటే ఏంటి

పెట్రోల్ ఇంజన్‌కి మనం ఇచ్చేది పెట్రోల్ కాదు, గాలి. వినడానికి వింతగా ఉంటుంది కానీ నిజం. యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకునేది గాలి తలుపు. ఎంత గాలి లోపలికి వస్తోందో సెన్సర్లు చూసి చెబితే, దానికి తగ్గ పెట్రోల్‌ని ఇంజన్ కంప్యూటర్ ఇంజెక్టర్ల ద్వారా చిమ్ముతుంది. బరువు లెక్కన ఒక పాలు పెట్రోల్‌కి దాదాపు 14.7 పాళ్ళ గాలి కావాలి. గాలి పెరిగితేనే పెట్రోల్ పెరుగుతుంది, అప్పుడే బలం పెరుగుతుంది.

ఆ గాలి తలుపు ఉండే అల్యూమినియం గొట్టమే థ్రాటిల్ బాడీ. లోపల గుండ్రటి ఇత్తడి లేదా అల్యూమినియం రేకు ఉంటుంది, దాన్ని బటర్‌ఫ్లై అంటారు. దాని మధ్యలోంచి ఒక ఇరుసు అడ్డంగా వెళ్తుంది. ఇరుసు తిరిగితే రేకు తిరుగుతుంది. రేకు గొట్టానికి అడ్డంగా ఉంటే మూసినట్టు, గాలి వెళ్ళే వైపుకి తిరిగితే తెరిచినట్టు.

ధవళేశ్వరం బ్యారేజీ చూసినవాళ్ళకి ఇది ఇంకా సులువుగా అర్థమవుతుంది. 1852లో పూర్తయిన కాటన్ ఆనకట్ట స్థానంలో 1982కి పూర్తయిన ఈ బ్యారేజీకి 175 గేట్లున్నాయి. గోదావరి నీళ్ళు ఇక్కడ నిలబడి, హెడ్ లాకుల ద్వారా తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టా కాలువల్లోకి వెళ్తాయి. దాదాపు 10 లక్షల ఎకరాలు ఈ నీళ్ళ మీదే బతుకుతున్నాయి. లాకు తలుపు ఎంత ఎత్తితే అంత నీరు. తలుపుకి ఇటుపక్క నీటిమట్టం ఎక్కువ, అటుపక్క తక్కువ. ఆ తేడా వల్లే నీళ్ళు పరుగెడతాయి.

ఇంజన్‌లో గోదావరి స్థానంలో వాతావరణం ఉంది. మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి దాదాపు 1,01,300 పాస్కల్స్. పిస్టన్ కిందకి దిగినప్పుడు లోపల ఒత్తిడి తగ్గుతుంది, బయటి గాలి థ్రాటిల్ దాటి లోపలికి తోసుకొస్తుంది. ఇంజన్ గాలిని పీల్చుకుంటుంది అంటాం కానీ, నిజానికి బయటి గాలే లోపలికి తోస్తోంది. ఆ తోపు మనకి ఉచితంగా వచ్చేది ఒక వాతావరణం అంతే. దారిలో ఎక్కడ అడ్డున్నా ఆ 1,01,300లోంచే పోతుంది. పోర్టింగ్ చేసేవాళ్ళ ఆశ ఈ నష్టాన్ని తగ్గించడం.

పోర్టింగ్‌లో నిజంగా ఏం చేస్తారు

పద్ధతిగా చేసేవాళ్ళు నాలుగైదు పనులు చేస్తారు.

మొదటిది, గాలి ప్రవేశించే అంచుని గుండ్రంగా చేయడం. పదునైన అంచు ఉన్న గొట్టంలోకి గాలి ఒక్కసారిగా మళ్ళలేదు, అంచు దగ్గర గోడని వదిలేసి సుడులు తిరుగుతుంది. పదునైన అంచు దగ్గర గాలి వేగపు ఒత్తిడిలో దాదాపు సగం వృథా అవుతుంది. అదే సన్నాయి మూతిలా విచ్చుకున్న అంచైతే ఇరవయ్యో వంతు మాత్రమే పోతుంది. కాలువ మొదట్లో రెక్క గోడలు వంపుగా కట్టేదీ ఇందుకే.

రెండోది, లోపల అచ్చు పోసినప్పుడు మిగిలిన గీతలు, మెట్లు తీసేయడం.

మూడోది, ఇరుసుని పలచన చేయడం. రేకు పూర్తిగా తెరుచుకున్నా ఇరుసు దారికి అడ్డంగానే ఉంటుంది కదా. దాన్ని రెండువైపులా అరగదీస్తారు. పైకి పొడుచుకొచ్చిన స్క్రూ తలల బదులు లోపలికి కూర్చునే స్క్రూలు వేస్తారు.

నాలుగోది, థ్రాటిల్ బాడీ గొట్టం, మానిఫోల్డ్ రంధ్రం, మధ్యలో గాస్కెట్ మూడూ ఒకే కొలతలో కలిసేలా చూడటం. గాస్కెట్ అంచు లోపలికి పొడుచుకొస్తే అది కూడా ఒక అడ్డే.

ఐదోది, మొత్తం గొట్టాన్నే లేత్ మీద పెద్దది చేసి, దానికి తగ్గ కొత్త రేకు వేయడం. ఇది ఇంట్లో చేసే పని కాదు.

ఇక్కడిదాకా అంతా సైన్సే. మోసం ఏమీ లేదు. ప్రశ్న ఏంటంటే, దీనివల్ల ఎంత మిగులుతుంది?

లెక్క వేద్దాం

మేం ఈ లెక్క పని చేశాక వేశాం. మీరు ముందే వేయండి.

ఫోర్ స్ట్రోక్ ఇంజన్ తన 1.3 లీటర్లనీ ఒకసారి నింపుకోవాలంటే రెండు చుట్లు తిరగాలి. నిమిషానికి 6000 చుట్లు తిరిగితే 3000 సార్లు నిండుతుంది. అంటే నిమిషానికి 3900 లీటర్లు, సెకనుకి 65 లీటర్లు. సిలిండర్లు పూర్తిగా నిండవు కాబట్టి 85 శాతం అనుకుంటే సెకనుకి 55 లీటర్ల గాలి.

గొట్టం వ్యాసం 45 మిల్లీమీటర్లు అనుకుందాం. వైశాల్యం 15.9 చదరపు సెంటీమీటర్లు. మధ్యలో 8 మిల్లీమీటర్ల ఇరుసు 3.6 చదరపు సెంటీమీటర్లు ఆక్రమిస్తుంది. మిగిలింది 12.3. సెకనుకి 55 లీటర్లు ఈ సందులోంచి వెళ్ళాలంటే గాలి వేగం సెకనుకి దాదాపు 45 మీటర్లు, అంటే గంటకి 160 కిలోమీటర్లు.

ఆ వేగానికి కావలసిన ఒత్తిడి: గాలి సాంద్రత 1.2లో సగం, ఇంటూ వేగం స్క్వేర్. దాదాపు 1200 పాస్కల్స్. ఇదంతా వృథా అయిపోయిందనే అనుకుందాం. 1,01,300లో 1200 అంటే 1.2 శాతం.

ఇప్పుడు ఇరుసుని 4 మిల్లీమీటర్లకి అరగదీశాం. సందు 14.1 అయింది. వేగం 39కి, ఒత్తిడి నష్టం దాదాపు 900కి తగ్గింది. మిగిలింది 300 పాస్కల్స్. 0.3 శాతం. 85 హార్స్‌పవర్ ఇంజన్‌కి పావు హార్స్‌పవర్. ఏసీ ఆపితే దీనికంటే ఎక్కువ మిగులుతుంది.

అది కూడా 6000 ఆర్‌పీఎమ్ దగ్గర, యాక్సిలరేటర్ నేలకి తొక్కినప్పుడు. 3000 దగ్గర గాలి సగం, ఒత్తిడి నష్టం నాలుగో వంతు. అప్పుడు మిగిలేది 75 పాస్కల్స్. కడియం నుంచి కాకినాడ వెళ్ళేటప్పుడు మామయ్య కారు 3000 దాటడమే అరుదు.

ఇది ఉజ్జాయింపు లెక్కే. గాలి ఒకే ధారగా రాదు, పిస్టన్ పిస్టన్‌కీ కుదుపుల్లా వస్తుంది కాబట్టి అసలు నష్టం కొంత ఎక్కువ ఉండొచ్చు. అయినా రెండింతలు వేసుకున్నా అర హార్స్‌పవర్ దాటట్లేదు.

కంప్యూటర్ సైన్స్‌లో దీనికి ఆమ్‌డాల్ సూత్రం అని పేరుంది. జీన్ ఆమ్‌డాల్ 1967లో చెప్పాడు. ప్రోగ్రామ్ మొత్తం టైమ్‌లో 1 శాతం మాత్రమే తీసుకునే భాగాన్ని నువ్వు అనంతంగా వేగవంతం చేసినా, మొత్తం మీద లాభం 1 శాతం దాటదు. మేం సెమిస్టర్ ఎగ్జామ్‌లో రాసిన ప్రశ్నే ఇది.

సగం తెరిచిన తలుపు సంగతి

ఇంకో విషయం నాకు ఆలస్యంగా వెలిగింది. రోడ్డు మీద మనం థ్రాటిల్‌ని పూర్తిగా తెరిచి నడిపేది ఎప్పుడో ఒకసారి. మిగతా టైమ్ అంతా అది సగం కంటే తక్కువే తెరిచి ఉంటుంది. అంటే గాలిని ఆపుతున్నది మనమే, కావాలనే ఆపుతున్నాం. తలుపు ఉన్నదే అందుకు.

దాళ్వాలో నీళ్ళు తక్కువున్నప్పుడు లాకు తలుపు కొంచెమే ఎత్తుతారు. అప్పుడు లాకు గోడల్ని నునుపు చేస్తే కాలువలో నీళ్ళు పెరుగుతాయా? పెరగవు. పెరిగితే తలుపు ఇంకో అంగుళం దింపేస్తారు. కారులోనూ అంతే. గాలి దారి సులువైతే అదే స్పీడుకి మన కాలు కొంచెం తక్కువ తొక్కుతుంది. ఇంజన్‌కి అందేది అంతే గాలి, తాగేది అంతే పెట్రోల్. అందుకే "మైలేజ్ పెరుగుతుంది" అన్న మాటకి ఆధారం లేదు.

మరి పోర్టింగ్ చేశాక పికప్ పెరిగినట్టు ఎందుకు అనిపిస్తుంది? అబద్ధం చెబుతున్నారా? కాదు, దానికి రెండు కారణాలున్నాయి.

ఒకటి, రేకు తిరిగే తీరు. మూసిన స్థానం నుంచి 30 డిగ్రీలు తిరిగితే దారి దాదాపు 13 శాతమే తెరుచుకుంటుంది, 45 డిగ్రీలకి 29 శాతం, 60 డిగ్రీలకి సగం. మొదట్లో మెల్లగా, తర్వాత వేగంగా. కొన్ని కార్లలో మొదట్లో ఇంకా మెల్లగా ఉండాలని గొట్టం లోపలే వంపు పెడతారు, ట్రాఫిక్‌లో బండి ఎగిరిపడకుండా. ఆ వంపుని అరగదీస్తే కొంచెం తొక్కగానే ఎక్కువ గాలి వస్తుంది. బండి దూకినట్టుంటుంది. మౌస్ సెన్సిటివిటీ పెంచితే కర్సర్ వేగంగా కదులుతుంది, కంప్యూటర్ వేగం మాత్రం పెరగదు. అచ్చం అలాంటిదే.

రెండు, శుభ్రం. పోర్టింగ్ చేయాలంటే థ్రాటిల్ బాడీ విప్పాలి, విప్పినప్పుడు కడుగుతారు. క్రాంక్ కేస్‌లోంచి వచ్చే ఆయిల్ ఆవిరి రేకు అంచుల చుట్టూ నల్లగా, జిగటగా పేరుకుంటుంది. రేకు దాదాపు మూసి ఉన్నప్పుడు సందు వెంట్రుక మందం కాబట్టి, ఆ కొద్ది మసి కూడా ఐడిలింగ్‌ని చెడగొడుతుంది. అది పోగానే బండి హాయిగా ఉంటుంది. ఏటా వేసవిలో కాలువలు కట్టేసి పూడికా గుర్రపుడెక్కా తీసినట్టే ఇది. కాలువ వెడల్పు చేయలేదు, ఉన్న వెడల్పు తిరిగి వచ్చింది, అంతే. లాభంలో ఎక్కువ భాగం ఒక డబ్బా క్లీనర్‌ది, పేరు మాత్రం పోర్టింగ్‌ది.

మేం చేసిన తప్పు

థ్రాటిల్ బాడీలో ముట్టుకోకూడని చోటు ఒకటుంది. రేకు మూసుకున్నప్పుడు దాని అంచు గొట్టం గోడకి చేరువయ్యే సన్నటి వలయం. చూస్తే రేకు గుండ్రంగా ఉన్నట్టుంటుంది కానీ నిజానికి కాస్త కోలగా ఉంటుంది. పూర్తిగా అడ్డంగా కాకుండా కొన్ని డిగ్రీల వాలులో మూసుకునేలా చేస్తారు, గోడకి ఇరుక్కోకుండా ఉండాలని. ఆ వలయం కొలత మైక్రాన్ల లెక్కలో ఉంటుంది.

బావ చిన్న గ్రైండర్‌తో, తర్వాత ఎమరీ పేపర్‌తో రెండు గంటలు పని చేశాడు. నేను సెల్‌ఫోన్ టార్చ్ పట్టుకున్నాను. పైనుంచి కింద దాకా అద్దంలా మెరిసింది. ఫోటోలు కూడా తీశాం. ఆ వలయం దగ్గర గోడకి సన్నటి గాడి పడిందని మాకు తెలీలేదు.

బిగించి స్టార్ట్ చేస్తే ఐడిలింగ్ 1500 దగ్గర నిలబడింది. "సెట్ అవుతుందిలే" అనుకుని బయల్దేరాం. ధవళేశ్వరం వెళ్ళి కాలువ రోడ్డు మీద తిరిగొస్తున్నాం. ఒకచోట ఎదురుగా ట్రాక్టర్ వస్తుంటే బావ కాలు తీసేశాడు. బండి స్లో అవ్వలేదు. రేకు అంచు ఆ గాడిలో ఇరుక్కుంది.

ఒకపక్క ట్రాక్టర్, ఇంకోపక్క నిండు కాలువ. మా వైపు గోదావరి కాలువల్లో కార్లు పడిన వార్తలు పేపర్లో చదవనివాళ్ళుండరు. బావ క్లచ్ తొక్కాడు, ఇంజన్ గోల పెట్టింది, బ్రేక్ మీద నిలబడ్డాడు. బండి ఆగాక తాళం తిప్పి ఆపాడు. అంతా నాలుగైదు సెకన్లు. ట్రాక్టర్ అతను తిట్టుకుంటూ పోయాడు. మేమిద్దరం చాలాసేపు మాట్లాడుకోలేదు.

ఇది చదివేవాళ్ళకి ఎప్పుడైనా యాక్సిలరేటర్ ఇరుక్కుంటే ఇలా చేయండి: బ్రేక్ గట్టిగా, ఆపకుండా ఒకేసారి తొక్కండి. క్లచ్ తొక్కండి లేదా న్యూట్రల్‌లో వేయండి. ఇంజన్ ఎంత అరిచినా పర్లేదు. బండి ఆగాకే ఇంజన్ ఆపండి. బండి కదులుతుండగా తాళం బయటికి లాగితే స్టీరింగ్ లాక్ పడుతుంది. బ్రేక్‌ని వదిలి వదిలి తొక్కితే బూస్టర్‌లో ఉన్న వాక్యూమ్ అయిపోయి పెడల్ రాయిలా బిగుసుకుంటుంది.

ఇవి కాక ఇంట్లో పోర్టింగ్ చేస్తే వచ్చే ఇంకొన్ని ప్రమాదాలు: అల్యూమినియం పొడి లోపల మిగిలితే సిలిండర్ గోడలు గీసుకుపోతాయి. రేకుని పట్టుకునే చిన్న స్క్రూలు ఊడిపోకుండా ఫ్యాక్టరీలో వెనకవైపు నొక్కి పెడతారు; ఒకసారి విప్పి మామూలుగా బిగిస్తే అవి ఊడి నేరుగా ఇంజన్‌లోకి పోవచ్చు. ఈమధ్య కార్లలో కేబుల్ ఉండదు, మోటార్ రేకుని తిప్పుతుంది, రెండు సెన్సర్లు దాని స్థానాన్ని చూస్తుంటాయి. అక్కడ అంచు కొలత మారితే కంప్యూటర్ లెక్క తప్పి బండిని తక్కువ స్పీడుకి పరిమితం చేసేస్తుంది.

తాతయ్య అడిగిన ప్రశ్న

ఇంటికొచ్చి నిజం చెప్పేశాం. మామయ్య ఏమీ అనలేదు, అదే ఎక్కువ భయం వేసింది. తాతయ్య మాత్రం అడిగాడు. ఆయన రిటైరవక ముందు ఇరిగేషన్‌లో లస్కర్. లాకులు ఎత్తడం, దించడం, గట్లు చూసుకోవడం ముప్పై ఏళ్ళ పని.

"శివారు పొలానికి నీళ్ళు రావట్లేదని ఎవడన్నా వస్తే మేం ముందు లాకుల దగ్గరికి వెళ్ళేవాళ్ళం కాదురా. శివారు నుంచి పైకి నడుచుకుంటూ వచ్చేవాళ్ళం, ఎక్కడ ఆగిందో చూసుకుంటూ. మీరు నడిచారా?"

నడవలేదు.

మర్నాడు మోరంపూడి దగ్గర ఒక షెడ్డుకి బండిని తోలించుకెళ్ళాం. అక్కడి మేస్త్రి గారు మా అద్దంలాంటి పనితనం చూసి నవ్వలేదు. "గాలి చాలట్లేదని మీకు ఎవరు చెప్పారండి?" అన్నారు. పాత బండ్లోంచి తీసిన థ్రాటిల్ బాడీ ఒకటి కడిగి వేశారు. తర్వాత మానిఫోల్డ్‌కి ఒక రబ్బరు గొట్టం తగిలించి, వాక్యూమ్ గేజ్ కలిపారు.

ఆ చిన్న గడియారం లాంటి వస్తువే మేం వాడని ప్రొఫైలర్. మానిఫోల్డ్‌లో ఒత్తిడి బయటికంటే ఎంత తక్కువుందో అంగుళాల్లో చూపిస్తుంది. ఐడిలింగ్‌లో మంచి ఇంజన్‌కి 17 నుంచి 21 అంగుళాలు రావాలి. గొట్టం పొడుగ్గా లాగి, గేజ్‌ని చేతికిచ్చి, హైవే మీద ఫుల్‌గా తొక్కి నడిపించారు. ముల్లు సున్నా దగ్గరికి వచ్చేసింది, అర అంగుళం కూడా లేదు. అంటే ఫిల్టర్ నుంచి థ్రాటిల్ దాకా దారిలో అడ్డేమీ లేదు. బయటెంత ఒత్తిడి ఉందో లోపలా దాదాపు అంతే ఉంది. థ్రాటిల్‌ని బిందె అంత వెడల్పు చేసినా వచ్చేది ఏమీ లేదు. మా రెండు గంటల పనిని ఆ ముల్లు రెండు సెకన్లలో కొట్టేసింది.

తర్వాత బండిని నిలబెట్టి 2500 దగ్గర స్థిరంగా పట్టుకోమన్నారు. ముల్లు మొదట పైన నిలబడింది. అరనిమిషంలో మెల్లగా కిందకి జారడం మొదలైంది, జారుతూనే ఉంది. ఇంజన్ వేగం మారలేదు, ముల్లు మాత్రం దిగుతోంది.

"పొగ బయటికి పోవట్లేదండి. పొగ పోకపోతే గాలి ఎక్కడ పడుతుంది?"

సైలెన్సర్‌కి ముందుండే క్యాటలిటిక్ కన్వర్టర్ మూసుకుపోయింది. దాని లోపల తేనెపట్టులా సన్నటి రంధ్రాలుంటాయి. పాత స్పార్క్ ప్లగ్ వైర్ల వల్ల ఒక సిలిండర్ అప్పుడప్పుడూ మండట్లేదు, ఆ మండని పెట్రోల్ కన్వర్టర్‌లోకి వెళ్ళి అక్కడ మండి, తేనెపట్టు కరిగి ముద్దయింది. ఇంజన్‌కి ఊపిరి పీల్చడంలో కాదు, వదలడంలో కష్టం.

మా ఊళ్ళో ఇది అందరికీ తెలిసిన సంగతే. డెల్టాలో పంట కాలువలు ఎంత ముఖ్యమో మురుగు కాలువలూ అంతే ముఖ్యం. మురుగు కాలువలు పూడిపోతే ఒక్క వానకి చేలు మునుగుతాయి. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు గిట్టుబాటు ధర, కూలీల ఖర్చుతో పాటు ఈ ముంపు బాధ కూడా చెప్పారు. పైనుంచి నీళ్ళు రాకపోవడం ఒక్కటే కష్టం కాదు, కిందకి పోకపోవడమూ కష్టమే. తాతయ్య చెప్పిన "శివారు నుంచి పైకి నడవడం" కారులో సైలెన్సర్ నుంచి ముందుకి రావడం అన్నమాట.

కొత్త కన్వర్టర్, కొత్త ప్లగ్ వైర్లు వేశారు. కొందరు ఖర్చు తగ్గుతుందని కన్వర్టర్ లోపలిది పగలగొట్టేసి ఖాళీ డబ్బా వేయించుకుంటారు. అది చేస్తే విషవాయువులు నేరుగా ఊళ్ళోకి వస్తాయి, చట్టరీత్యా కూడా తప్పు. అయిన ఖర్చులో సగం బావ తన జీతంలోంచి కట్టాడు, నా వంతు ఇంకా బాకీ ఉంది.

మరి పోర్టింగ్ ఎక్కడ పనికొస్తుంది

పోర్టింగ్ పనికిమాలినదని నేను అనట్లేదు. అడ్డు నిజంగా అక్కడే ఉంటే అది పెద్ద విద్యే. క్యామ్ షాఫ్ట్ మార్చి, హెడ్ పోర్ట్ చేసి, 8000 ఆర్‌పీఎమ్ తిరిగే రేసు ఇంజన్‌కి ఫ్యాక్టరీ థ్రాటిల్ చాలదు. ఎందుకంటే గాలి రెండింతలైతే నష్టం నాలుగింతలవుతుంది.

మన మెకానికల్ వాళ్ళు కలలు కనే ఫార్ములా ఎస్‌ఏఈ కార్లే మంచి ఉదాహరణ. అక్కడ నియమం ప్రకారం పెట్రోల్ ఇంజన్‌కి వెళ్ళే గాలంతా 20 మిల్లీమీటర్ల రంధ్రంలోంచే వెళ్ళాలి. ఆ ఇరుకులో గాలి వేగం ధ్వని వేగాన్ని అందుకుంటుంది, ఆ తర్వాత ఎంత పీల్చినా సెకనుకి దాదాపు 75 గ్రాముల కంటే ఎక్కువ రాదు. అక్కడ ముందు అంచు వంపు, వెనక విచ్చుకునే కోణం, లోపలి నునుపు, ప్రతి ఒక్కటీ లెక్కే. ఎందుకంటే బాటిల్‌నెక్ అదేనని నియమమే చెప్పేసింది. మామయ్య కారులో బాటిల్‌నెక్ ఏదో మేం అడగనే లేదు.

మీలో ఎవరికైనా బండి లాగట్లేదనిపిస్తే, గ్రైండర్ పట్టుకునే ముందు ఈ వరసలో వెళ్ళండి. ఎయిర్ ఫిల్టర్ చూడండి. మా వైపు కోతల సీజన్‌లో ఊక దుమ్ముతో తొందరగా నిండుతుంది. ప్లగ్గులు, వైర్లు చూడండి. బ్రేకులు పట్టేస్తున్నాయేమో, క్లచ్ జారుతోందేమో చూడండి. థ్రాటిల్ బాడీ కడిగించండి, అరగదీయకండి. వాక్యూమ్ గేజ్ పెట్టించండి. కొత్త కార్లలో అయితే చిన్న ఓబీడీ రీడర్‌తో మానిఫోల్డ్ ఒత్తిడి ఫోన్‌లోనే చూడొచ్చు. ఫుల్‌గా తొక్కినప్పుడు అది బయటి ఒత్తిడికి చాలా తక్కువుంటేనే గాలి దారి గురించి ఆలోచించండి.

మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు మారేడుమిల్లి ఘాట్ మళ్ళీ ఎక్కాం. ఈసారి మామయ్య నడిపాడు, అమ్మమ్మ ముందు సీట్లో కూర్చుంది. థర్డ్ గేర్‌లోనే ఎక్కేసింది. బావ వెనక సీట్లో కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు, థ్రాటిల్ బాడీ మాట ఎత్తలేదు. మేం అరగదీసిన ఆ పాత ముక్క ఇప్పుడు నా హాస్టల్ టేబుల్ మీద పెన్నులు పెట్టుకోవడానికి పనికొస్తోంది. కోడ్ స్లోగా ఉందని ఏదో ఒక ఫంక్షన్ మీద పడి తిరగరాయబోయే ప్రతిసారీ కళ్ళ ముందే ఉంటుంది.